గూడ్సు పెట్ట, గుడి బుట్ట

చెప్పడానికి సిగ్గే గానీ, నేను చెప్పకపోతే మా ఆవిడ చెప్పేస్తుంది. ఆవిడ చెప్తే ఇంకా సిగ్గు. అందుకని నేనే కానిచ్చేస్తాను. కోత పండుగనాడు, నిండు గుడిలో, పాస్టరు అయ్యగారి పక్కన నిలబడి, రెండు చేతుల్తో బుట్ట పట్టుకుని, ఆ బుట్టలో కూర్చున్న కోడిపెట్ట గుడ్డు పెట్టేదాకా కదలకుండా కాపలా కాసిన మొగాడు ఈ ఖరగ్‌పూర్ మొత్తం మీద నేనొక్కణ్నే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి. వెళ్లి పలకరించి, కాసేపు పక్కన కూర్చుని వస్తాను.

నా పేరు రత్నరాజు. రిటైరైన గూడ్సు గార్డుని. ఆ ఉద్యోగానికి ఇప్పుడు ట్రైను మేనేజరని పేరు పెట్టినారు. పేరు పెద్దదైంది గానీ పని అదే. బండి చివరి పెట్టెలో ఒక్కడివీ కూర్చోవాలి. ఎక్కడో ఎర్ర సిగ్నలు పడితే, అటూ ఇటూ పొలాలు తప్ప మనిషి కనపడని చోట గంటల తరబడి ఆకాశం చూస్తూ ఉండాలి. ఎప్పుడు బయల్దేరతామో తెలీదు, ఎప్పుడు ఇంటికొస్తామో అసలే తెలీదు. ఇంటికొచ్చి పడుకుంటే కలలో కూడా నా బండి ఆగే ఉండేది. ఇది ఆ ఉద్యోగం ఆఖరి రోజుల్లో జరిగిన కథ.

అలిసిపోయినవాడు పడుకోవాలి. నేను కోళ్లు తెచ్చినాను.

ఎందుకు తెచ్చినావని అడక్కండి, మా ఆవిడ సుగుణ ఆల్రెడీ అడిగింది. న్యూ సెటిల్‌మెంటు చివర, రైల్వే క్వార్టర్లు అయిపోయి సొంత ఇళ్లు మొదలయ్యే చోట మాకొక చిన్న ఇల్లు, ఇంటికి మించిన పెరడు ఉన్నాయి. రిటైరయ్యాక ఆ పెరట్లో కుర్చీ వేసుకుని, చుట్టూ కోళ్లు తిరుగుతుంటే, మధ్యలో నేను కునుకు తీస్తున్నట్టు ఒక బొమ్మ నా బుర్రలో పడిపోయింది. గోల్‌బజార్ వెళ్లి మూడు నాటు పెట్టల్ని తెచ్చినాను. రైలోణ్ని కదా, పేర్లు కూడా అలగే పెట్టినాను. నూకలు నేల మీద పడకముందే ముక్కు పెట్టేసేది మెయిలు. అడుగడుక్కీ ఆగి ప్రతి ఆకునీ పలకరించేది పాసింజరు. మూడోది లావుపాటి ఎర్ర పెట్ట. దానికి టైమ్‌టేబులు లేదు, తొందర లేదు. తోవకి అడ్డంగా కూర్చుందంటే మనమే పక్కనుంచి పోవాలి. అది గూడ్సు. అచ్చం నా ఉద్యోగమే రెక్కలు కట్టుకుని వచ్చినట్టు ఉండేది.

వాటిని బోనులో పెట్టకూడదని నా పట్టుదల. కోడిని బోనులో పెట్టి గుడ్డు తినడమంటే ఖైదీ చేత వంట చేయించుకుని తినడమే అని అందరికీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. పొద్దున్నే వదిలేస్తే వీధంతా తిరిగి, పురుగూ పుట్రా తిని, చీకటి పడేసరికి గూటికి వచ్చేవి. వెనక వరండాలో మా అమ్మ కాలంనాటి వెదురుబుట్ట ఒకటి ఉండేది. అడుగున గోనెపట్టా అతుకు, దాని మీద గడ్డి. మూడు పెట్టలకీ ఆ బుట్టంటే ప్రాణం. ఒకటి గుడ్డు పెడుతుంటే మిగతా రెండూ బస్సు సీటు కోసం నిలబడ్డట్టు పక్కనే నిలబడి గొణిగేవి.

అంతా బాగుంటే నాకు తోచదు. ఫోన్లో ఎవడిదో వీడియో చూసినాను. ఏదో పాశ్చాత్య దేశంలో కోడికి గుడ్లు పెట్టే పెట్టె, దానికి తలుపు, లోపల మెత్తటి పరుపు. అది చూసినాక మా వెదురుబుట్ట నాకు మరీ బీదగా కనిపించింది. వరసగా రెండు సెలవుదినాలు తగలేసి ప్లైవుడ్డుతో అచ్చం గార్డు పెట్టెలాంటిది కట్టినాను. ఎర్రరంగు ఎనామెలు వేసినాను. చుట్టూ చిన్న కటకటాలు కూడా పెట్టినాను. సుగుణ వచ్చి చూసి, "కోడి ఇందులో కూర్చుని జెండా ఊపాలేటి?" అంది. నేను పట్టించుకోలేదు.

ఇంక పాత బుట్ట ఎందుకు? డిసెంబరులో మా వీధి చివరే ఉన్న గుడి నుంచి యూత్ పిల్లలు క్రిస్మస్ పాక కడుతూ, బాలయేసుని పండబెట్టడానికి తొట్టిలాంటిది ఏదైనా ఉందా అంకుల్ అని వస్తే, ఆ బుట్టని గడ్డితో సహా ఇచ్చేసినాను. ఈ ముక్క మీరు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

జనవరి నుంచి గుడ్లు మాయం. ఎర్ర పెట్టెలో చెయ్యి పెడితే రంగు వాసన తప్ప ఏమీ లేదు. పెట్టలు మాత్రం నిగనిగలాడతా తిరుగుతున్నాయి, మేత తింటున్నాయి, నా వైపు ఏమీ ఎరగనట్టు చూస్తున్నాయి. అవి గుడ్లు పెట్టే పొద్దుటి వేళకి సుగుణ తను పాఠాలు చెప్పే బడిలో ఉంటుంది, నేను లైనులో ఉంటాను, లేదా గురకలో ఉంటాను. ఒకరోజు వెనకాలే వెళ్లి చూద్దామని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నమైపోయింది, గూడ్సు వచ్చి నా చెప్పు మీద పడుకుని ఉంది.

ఇప్పుడు మా గోడ అవతలి మనిషి గురించి చెప్పాలి. బిమల్‌దా సిగ్నల్ డిపార్టుమెంటులో చేసి రిటైరైనాడు. బెంగాలీ మనిషే గానీ న్యూ సెటిల్‌మెంటులో పుట్టి పెరిగినవాడు. మా శ్రీకాకుళం తెలుగు నాకంటే బాగా మాట్లాడతాడు. నా పేరు మాత్రం ఆయన నోట్లో పడి రొతోన్ అయిపోయింది. ఆయన్ని దాదా, ఆయన భార్యని బౌదీ అంటాం, అన్నా వదినా అన్నట్టు. రెండు పెరళ్ల మధ్య గోడలో చిన్న రేకుతలుపు ఉంది. మా అమ్మాయి నడక నేర్చుకున్నది ఆ తలుపు పట్టుకునే. పెళ్లయి వెళ్లిందాకా సగం భోజనాలు అవతలే. నేను లైనులో ఉన్నప్పుడు సుగుణకి జ్వరమొస్తే బౌదీ జావ పట్టుకుని వచ్చింది ఆ తలుపులోంచే. ఇన్నేళ్లు భార్యని ఇంట్లో ఒంటరిగా వదిలి నేను నిశ్చింతగా బండెక్కినానంటే, ఆ తలుపు తెరిచి ఉంటుందనే ధైర్యం మీదే.

అలాంటి తలుపుని నేను ఒక్క మాటతో మూయించినాను.

ఆ రోజు బండి ఎక్కడెక్కడో ఆగి ఆగి, ఒళ్లు హూనమై ఇంటికి వచ్చినాను. సుగుణ బడికి వెళ్లిపోయింది. ఎర్ర పెట్టెలో చెయ్యి పెట్టినాను, ఖాళీ. అప్పుడే రేకుతలుపు తోసుకుని బిమల్‌దా వచ్చినాడు, చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆమ్లెట్టు. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి బౌదీ చేసింది. నా మొహం కిటికీలోంచి చూసిందట, వీడు తినకుండానే పడిపోయేలా ఉన్నాడని పంపింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని తినడం మొదలెట్టినాను. సగం తిన్నాక, ఆ నిద్రమత్తులో, ఏదో పెద్ద నేరం పట్టేసిన డిటెక్టివులాగ తలెత్తి అన్నాను.

"దాదా, రుచి తెలిసిపోతోంది. ఇది మా కోడి గుడ్డే కదూ?"

బిమల్‌దా నా చేతిలోని సగం ఆమ్లెట్టు వైపు చూసినాడు. తర్వాత, "తిను రొతోన్, సల్లారిపోద్ది," అన్నాడు. నేను మొత్తం తినేదాకా నిలబడ్డాడు. ఖాళీ పళ్లెం తీసుకున్నాడు. అటు వెళ్లి రేకుతలుపు మూసి గడియ వేసినాడు. ఆ గడియ ఉందన్న సంగతే అప్పటిదాకా నాకు తెలీదు. వాడకపోవడం వల్ల తుప్పు పట్టి, వేస్తుంటే కీచుమని అరిచింది.

నేను వెళ్లి హాయిగా పడుకున్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రం సుగుణ గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి, అది తెరుచుకోక, వెనక్కి వచ్చి నన్ను లేపింది. జరిగింది చెప్పినాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. మంచం పక్కన కూర్చుని, "మీ గుడ్లు పోతే పోయాయి. నా తలుపు తెరిపించండి," అంది. రోజూ అదే మాట. అన్నం వడ్డిస్తూ అదే, టిఫిను డబ్బా సర్దుతూ అదే. డ్యూటీకి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి మూసి ఉన్న ఆ రేకు వైపు చూసేది. ఇదివరకు నేను వెళ్తుంటే అవతల్నుంచి బౌదీ, "భయం లేదు, నేను ఉన్నాను," అనేది. ఇప్పుడు ఆ గోడ దగ్గర కాకి తప్ప ఎవరూ లేరు. బండిలో కూర్చుంటే నాకు మనసు మనసులో ఉండేది కాదు. అయినా ఒప్పుకోను కదా. గుడ్లు దొరికితే గానీ ఎవరు తప్పో తేలదని భీష్మించుకుని కూర్చున్నాను.

ఇంతవరకూ చేసింది చాలదన్నట్టు, ఒక ఆదివారం గుడికి వెళ్లినాను.

నా ఉద్యోగానికి ఆదివారం ఆరాధన దొరకడం కష్టం. దొరికినా వెనక బెంచీలో కూర్చుని ప్రసంగం మొత్తం కునుకు తీయడం నాకు అలవాటు. సంఘం పెద్దలకి నేనొక హాజరు లేని పేరుని. ఆ రోజు అయ్యగారు ప్రసంగం మధ్యలో గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పినారు. గుడి పక్కన, పాత కుర్చీలు సర్దే గదిలో, క్రిస్మస్‌కి వాడిన బుట్టలో, ఎవరో ఒక విశ్వాసి ఈ మధ్య కోడిగుడ్లు పెట్టి వెళ్తున్నారట. పేరు చెప్పరు, మొహం చూపించరు. ఆ గుడ్లని అయ్యగారు సంఘంలో ముసలివాళ్లకి పంచుతున్నారట. "ఇచ్చినట్టు ఎవరికీ తెలియకుండా ఇవ్వడమంటే ఇదీ," అని కళ్లు తుడుచుకున్నారు.

మీకు తట్టేసింది కదా? నాకు తట్టలేదు. నేను అప్పటికి మూడు వంతులు నిద్రలో ఉన్నాను. మిగతా వంతు, ఎవరబ్బా అంత మంచివాళ్లు అని ఆలోచిస్తోంది. కళ్లు తెరిచేసరికి బెంచీలన్నీ నా వైపు తిరిగి ఉన్నాయి. మా సంఘంలో కోళ్లు పెంచేది నేనొక్కణ్నే మరి.

ఆరాధన అయ్యాక పెద్దలు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి టీ గ్లాసు ముందు నాకిచ్చినారు. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ జీవమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు పెట్టిన గుడ్డు తిని నా మోకాలి నొప్పి తగ్గింది బాబూ," అంది. అప్పుడు నేను ఒక్క మాట అనాలి. నేను కాదండీ, అనాలి. అంతే. దానికి బదులు నేను ఏం చేసినానంటే, తల వంచుకున్నాను. మెల్లగా, వినయంగా, పెళ్లికూతురు వంచినట్టు. నోటితో అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అంతా మెడతోనే ఆడేసినాను.

స్త్రీల వైపు నుంచి సుగుణ ఇదంతా చూసింది. ఇంటికి వచ్చి గేటు వేసినాక అడిగింది.

"అయితే గుడ్లు పట్టుకెళ్లి గుడిలో పెట్టేది మీరా?"

ఇక్కడ నా పరిస్థితి చూడండి. అవునంటే, గుడ్లు నేనే ఎత్తుకెళ్లి నేరం బిమల్‌దా మీద వేసినవాణ్ని. కాదంటే, గుడిలో పరాయి గుడ్లకి తల వంచినవాణ్ని. మింగలేను, కక్కలేను. అందుకని, "ఊఁ," అన్నాను. ఆ ఊఁకి అర్థం అవునూ కాదు, కాదూ కాదు.

"మీరే అయితే మంచిదే," అంది సుగుణ. "ఇప్పుడే బిమల్‌దా దగ్గరికి వెళ్లి, గుడ్లు దొరికినాయి, పట్టుకెళ్లింది నేనే అని సెప్పండి. తలుపు తీస్తాడు."

నిజం చెప్పకుండా తలుపు తెరిపించడానికి ఏదైనా దారి ఉందేమోనని వారమంతా ఆలోచించినాను. చివరికి గోల్‌బజార్‌లో సందేశ్ మిఠాయి కొని, వీధి తలుపు వైపు నుంచి పరాయివాడిలాగ బిమల్‌దా ఇంటికి వెళ్లినాను. బౌదీ మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. నేను మిఠాయి బల్ల మీద పెట్టి, తప్పైపోయింది దాదా, మనసులో పెట్టుకోకు, అన్నాను.

"గుడ్లు దొరికినాయేటి?" అన్నాడాయన.

"లేదు దాదా."

"మరి తప్పు ఎలాగ అయిపోయింది? దొరికిందాకా నేను దొంగనే కదా. దొరికినాక రా రొతోన్, మిష్టి అప్పుడు తిందాం."

మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టినాడు. కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు పెట్టినాడు. ఆ పొట్లం ఇంటికి తెచ్చి ఒక్కణ్నే కూర్చుని తిన్నాను. అంత చేదు సందేశ్ నేను ఎప్పుడూ తినలేదు.

అటు పక్క ఇంకో భయం పట్టుకుంది. నిజంగా గుడ్లు ఇస్తున్న ఆ పుణ్యాత్ములు ఎవరో గుడిలోనే ఉన్నారు కదా. ఏదో ఒక ఆదివారం లేచి, ఆ గుడ్లు మావి, ఈ రత్నరాజువి కావు అంటే? ఒక్కొక్కరి మొహం చూసి వాళ్లేమో వీళ్లేమో అని వణికేవాణ్ని. నా గుడ్ల దొంగ ఒకరు, నా పరువు తీయబోయే దాత ఒకరు, ఇద్దరికీ భయపడుతూ బతుకుతున్నాను. ఆ ఇద్దరూ ఒకటేనని, అది సాయంత్రం వచ్చి నా చెప్పు మీదే పడుకుంటోందని నాకేం తెలుసు.

ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది. మా గుళ్లో ఆ రోజు ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. సొరకాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, ఏమీ పండకపోతే కొనుక్కునైనా ఒక బియ్యం సంచీ. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వేలం వేస్తారు. వచ్చింది గుడికి. ఒక్క నిమ్మకాయ కోసం ఇద్దరు వియ్యంకులు పంతానికి పోయి పాడుకుంటుంటే చూడాలి. ఈ సరదాకి బస్తీలో హిందువులూ బెంగాలీలూ కూడా వస్తారు. బిమల్‌దా చిన్నప్పట్నుంచి ఒక్క ఏడాది మానలేదు. మా మీద కోపమున్నా గుడి మీద లేదు. ఆ ఏడూ వచ్చినాడు, బౌదీతో, చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను చూసీ చూడనట్టు ముందు బెంచీలో దాక్కున్నాను. ముందు బెంచీ దాక్కునే చోటు కాదని నాకు ఆ రోజే తెలిసింది.

సొరకాయలు అయిపోయాయి, గెలలు అయిపోయాయి. అయ్యగారు పక్క గదిలోకి వెళ్లి ఒక బుట్ట పట్టుకొచ్చినారు. నిండా కోడిగుడ్లు. "రత్నరాజుగారూ, ఇలా రండి," అన్నారు.

వెళ్లినాను. బుట్ట నా చేతుల్లో పెట్టి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకోమన్నారు. ఎత్తినాను. అరచేతికి అడుగున ఏదో గరుకుగా తగిలింది. గోనెపట్టా అతుకు. ఆ అతుకు వేసింది మా అమ్మ. చిన్నప్పుడు పక్కన కూర్చుని సూదిలో పురికొస ఎక్కించి ఇచ్చింది నేను. ఒక్కసారిగా నా గుండె జారి ఆ గుడ్ల మధ్యలో పడింది. నెలన్నరపాటు నేను వెతికిన దొంగ ఎవరో, భయపడిన దాత ఎవరో, నిండు గుడి ముందు నిలబడ్డాక అర్థమైంది.

అయ్యగారు ఆపలేదు. ఈ సోదరుడు కట్టుకున్న భార్యకైనా తెలియనివ్వకుండా, తన ఇంటి గుడ్లు తన చేతుల్తో తెచ్చి ఈ బుట్ట నింపుతున్నాడని, ఆయన అలిసిన కళ్లలో ఎంత ప్రేమ ఉందో చూడండని చెప్పుకుపోతున్నారు. నా కళ్లలో ఉన్నది ప్రేమ కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

చివరి బెంచీ కిర్రుమంది. బిమల్‌దా లేచినాడు.

"అయ్యగారూ, మాఫ్ చెయ్యండి. ఒక్క మాట అడగాల," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగినాడు. "నీ గుడ్లు నువ్వే తెచ్చి ఇక్కడ పెడితే, ఆ రోజు మా పళ్లెంలో నువ్వు తిన్న ఆమ్లెట్టు ఎవరి గుడ్డు రొతోన్?"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బౌదీ బిమల్‌దా చొక్కా పట్టి లాగుతోంది, ఆయన కూర్చోడంలేదు. నా జీవితంలో ఎన్నో ఎర్ర సిగ్నళ్ల ముందు ఆగినాను గానీ, అంత పొడుగు హాల్టు ఎప్పుడూ లేదు.

"నేను కాదండీ," అన్నాను చివరికి.

"ఏది కాదు?" అన్నారు అయ్యగారు.

"గుడ్లు తెచ్చింది నేను కాదండీ. ఆ ఆదివారం మీరందరూ మెచ్చుకుంటుంటే బాగుండి ఊరుకున్నాను."

"మరి ఎవరు?"

దానికి జవాబు నేను చెప్పనక్కర్లేకపోయింది. జవాబు తలుపులోంచి లోపలికి వచ్చింది. పక్క గదికి రోజూలాగ వెళ్లి, బుట్ట లేకపోయేసరికి వెతుక్కుంటూ గూడ్సు వచ్చింది. పరుగు లేదు, కంగారు లేదు. మొగవాళ్లకీ ఆడవాళ్లకీ మధ్య దారిలో మెడ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, ఒకచోట ఆగి చాప అంచు పొడిచి, ఇంకోచోట ఆగి జీవమ్మ చెప్పు పరీక్షించి, నింపాదిగా ముందుకి వచ్చింది. బల్ల మీదికి ఎగిరింది. బల్ల మీంచి నా చేతుల్లో ఉన్న బుట్టలోకి దిగింది. గుడ్లని కాళ్లతో అటూ ఇటూ సర్దుకుని, రెక్కలు దించి, కూర్చుంది.

నేను బుట్ట బల్ల మీద పెట్టబోయినాను. "కదపకు బాబూ," అంది జీవమ్మ. "పెట్టే వేళకి కదిపితే దానికి పాపం నొప్పి."

ఇంక ఎవరు ఆపుతారు? సంఘమంతా ఆవిడ పక్షమే. అయ్యగారు కూడా ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ కట్టుకుని, ప్రార్థన వేళలాగ నిలబడ్డారు. నేను బుట్ట పట్టుకుని నిలబడ్డాను. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాణ్ని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాను, గూడ్సు మాత్రం లైను క్లియరు వచ్చేదాకా కదలనన్నట్టు ఒక కన్నుతో నన్నే చూస్తోంది. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. పాపం చేసినవాణ్ని నిలబెట్టడానికి నరకంలో ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

ఆఖరికి అది లేచింది, దులుపుకుంది, గుడి కప్పు ఎగిరిపోయేలాగ కొక్కొక్కోమని చాటింపు వేసింది. బుట్టలో కొత్త గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది.

ముందు నవ్వింది సుగుణ. తలుపు మూతపడ్డాక మళ్లీ ఇప్పుడే ఆ నవ్వు విన్నాను. తర్వాత బౌదీ, తర్వాత గుడి గుడంతా. అయ్యగారైతే కళ్లజోడు తీసి మొహం తుడుచుకుంటున్నారు. ఆ గోలలోనే నేను బిమల్‌దా వైపు చూసి చెప్పినాను. ఆ రోజు తిన్నది నీ గుడ్డే దాదా, బుద్ధి గడ్డి తిని అలగన్నాను, ఇప్పుడు దొరికినాయి, క్షమించు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యెత్తినాడు.

"వేలం మొదలెట్టండి అయ్యగారూ. ఆ బుట్ట నేను పాడతాను."

ఆయనకి పోటీగా ఎవరూ పాడలేదు. పాడబోయిన ఒకాయన్ని బౌదీ తిరిగి చూసింది, ఆయన కూర్చుండిపోయినాడు. బిమల్‌దా వచ్చి నా చేతుల్లోంచి బుట్ట తీసుకున్నాడు. గూడ్సుని మాత్రం రెండు చేతులతో ఎత్తి, మర్యాదగా నా చంకలో పెట్టినాడు.

"కోడి నీదే, బుట్ట నాది," అన్నాడు. "పద, ఇంటికి పోదాం."

ఆ బుట్టని తీసుకెళ్లి తన పెరట్లో జామచెట్టు కింద పెట్టినాడు. మర్నాడు పొద్దున్న రేకుతలుపు గడియ కీచుమంది. సుగుణ పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది. తలుపు బార్లా తెరిచి, కదలకుండా రాయి అడ్డం పెడుతున్నాడు బిమల్‌దా. వెనక నేను వెళ్లి, మనసు కరిగిపోయి, కోపం పోయిందా దాదా అని అడిగినాను.

"కోపం సంగతి తర్వాత. తలుపు వేసి ఉంటే కోడి ఎలాగ వస్తుంది?" అన్నాడు.

మెయిలు అప్పటికే దాటిపోయింది. పాసింజరు గడప మీద ఆగింది. వెనకాల గూడ్సు.

అప్పట్నుంచి అదే నడుస్తోంది. నా కోళ్లు, నా నూకలు తిని, నా గూట్లో పడుకుని, పొద్దున్నే వరసగా వెళ్లి ఆయన బుట్టలో గుడ్లు పెట్టి వస్తాయి. నేను ఏ గుడ్లకి ఆయన్ని దొంగన్నానో, ఆ గుడ్లే పట్టపగలు, దర్జాగా, అయ్యగారి ఆశీర్వాదంతో ఆయన తింటున్నాడు. ఎర్ర పెట్టెలో సుగుణ ఉల్లిపాయలు పోసింది. ఆదివారం మధ్యాహ్నం బౌదీ బంగాళాదుంపలు వేసి గుడ్ల కూర వండి, గిన్నెడు పంపిస్తుంది. తెచ్చి ఇచ్చేటప్పుడు బిమల్‌దా గిన్నె వదలకుండా ఒక్క క్షణం నా మొహంలోకి చూస్తాడు. నేను నోరు మూసుకుని తింటాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పెరట్లోని మూడు పెట్టల సాక్షిగా, జీవమ్మ మోకాలి సాక్షిగా ఒట్టేసి చెప్తున్నాను. ఈ జన్మలో నా కంచంలో పడ్డ గుడ్డు ఎవరిదని అడగను. ఎవరు మెచ్చుకున్నా తల వంచను. తల నిటారుగా పెట్టి, గట్టిగా, నేను కాదండీ అని చెప్తాను.

ఒట్టు తప్పలేదు కూడా. మొన్న ఆదివారం అయ్యగారు, గుళ్లో పాడైన ఫ్యానుని ఎవరో విశ్వాసి చెప్పకుండా బాగుచేసి వెళ్లినారని మొదలెట్టేసరికి, వెనక బెంచీలో నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి నిలబడి, నేను కాదండీ అని అరిచేసినాను. ఆ ఫ్యాను బాగుచేసింది నేనే.